ఘాట్‌లో ముల్లు పైకి లేస్తోంది, ఆయిల్ కూలర్ పెట్టించాలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. 2014 మోడల్ డీజిల్ కారు, 1.3 లీటర్ల టర్బో ఇంజిన్, లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. వారానికోసారి కడప మీదుగా రాయచోటికి పోతాను. ఐదుగురం ఉంటాం, డిక్కీ నిండా సామాను, ఏసీ వేసుకుంటాం. ఈ ఎండాకాలం గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు సగం దారిలో టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోతోంది. పైకెక్కినాక దానంతట అదే దిగుతుంది. ప్లెయిన్ రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. మెకానిక్ అన్న ఏమో ఆయిల్ బాగా కాగుతోంది, ముందు గ్రిల్ వెనక ఆయిల్ కూలర్ పెట్టిద్దాం, పైపులతో కలిపి పద్దెనిమిది వేలవుతుంది అంటున్నాడు. వేడికి తట్టుకుంటుందని పోయినసారి 5డబ్ల్యూ-30 బదులు 15డబ్ల్యూ-40 ఆయిల్ పోసినాడు. రేడియేటర్‌లో నెలకోసారి కొంచెం నీళ్లు పోస్తుంటాను, అంతకుమించి ఏ కంప్లయింటూ లేదు. కూలర్ పెట్టించమంటారా?

సమాధానం: ఇప్పుడే పెట్టించకండి. ఆ డబ్బు జేబులోనే ఉంచుకుని, చాలా తక్కువ ఖర్చుతో ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. అవన్నీ సరిచేశాక కూడా ఆయిల్ నిజంగానే కాగుతోందని కొలతలో తేలితే అప్పుడు కూలర్ మాట ఎత్తొచ్చు. మీ ఉత్తరంలో అసలు సంగతి చివర్లో ఉంది, నెలకోసారి నీళ్లు పోస్తున్నానన్న చోట. మీరు దాన్ని కంప్లయింటు కింద లెక్కెయ్యలేదు. మాకు మాత్రం అదే పెద్ద కంప్లయింటు.

మొదట ముల్లు సంగతి. డ్యాష్‌బోర్డులో కనిపించేది కూలెంట్ వేడి, అంటే ఇంజిన్‌కు, రేడియేటర్‌కు మధ్య తిరుగుతూ ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం వేడి, ఆయిల్ వేడి కాదు. ఆయిల్ ఎంత కాగుతోందో చూపే మీటరు మీకు కనిపించేచోట లేదు, కాబట్టి మెకానిక్ చెప్పింది కొలిచి చెప్పిన మాట కాదు. పైగా చాలా కార్లలో ఆ ముల్లు ఉన్నదున్నట్టు చూపదు. కూలెంట్ 80 డిగ్రీలున్నా 100 డిగ్రీలున్నా డ్రైవరు కంగారుపడకుండా మధ్యలోనే నిలబడేట్టు కంపెనీవాళ్లే అమరుస్తారు. అలాంటి ముల్లు సగం దాటి కదిలిందంటే లోపల వేడి అప్పటికే 105, 110 దాటి ఉండొచ్చు. పైకెక్కాక దిగిపోతోంది కదా అని సరిపెట్టుకునే విషయం కాదిది.

రెండో సంగతి: మీ ఇంజిన్‌లో ఆయిల్ కూలర్ ఇప్పటికే ఉంది. ఈ 1.3 డీజిల్ ఇంజిన్లలో ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్‌ను ఆనుకుని చిన్న అల్యూమినియం డబ్బాలాంటిది కనిపిస్తుంది. దానిలో పల్చటి పలకల మధ్య ఒకవైపు ఆయిల్, ఇంకోవైపు కూలెంట్ పారుతుంటాయి. ఆయిల్ తన వేడిని కూలెంట్‌కు ఇచ్చేస్తుంది, కూలెంట్ ఆ వేడిని రేడియేటర్ దగ్గర గాలికి వదులుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఇది తిరగబడి పనిచేస్తుంది. ముందు వేడెక్కే కూలెంటే ఆయిల్‌ను వేడి చేసి త్వరగా పలుచన చేస్తుంది. అంటే మీ బండిలో కూలెంట్ కాగితే ఆయిల్ కాగక తప్పదు. వైద్యం కూలెంట్ దగ్గర మొదలవ్వాలి.

మరి బయట కూలర్ పెడితే ముల్లు దిగదా అంటే, కొంత దిగుతుంది. అదే ప్రమాదం. ఆయిల్ వేడిలో కొంత నేరుగా గాలికి పోతుంది కనుక రేడియేటర్ మీద ఆ మేరకు భారం తగ్గి, ముల్లు కిందికి వచ్చినట్టు కనిపిస్తుంది. మెకానిక్ మాట నిజమైందని మీరనుకుంటారు. ఈలోగా నీళ్లు తగ్గే కారణం అలాగే ముదురుతుంది. చివరికి ఒక మే నెల మధ్యాహ్నం హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకు, పైనున్న హెడ్డుకు మధ్య ఉండే సీలు) ఊదుతుంది, ఖర్మ కాలితే హెడ్డు కూడా వంగుతుంది. ఆ బిల్లు ముందు పద్దెనిమిది వేలు చిన్నదే.

బండి ఎక్కడ కాగుతోందన్నది చూస్తే సగం రోగం తెలిసిపోతుంది. ఆగి ఉన్నప్పుడు, ట్రాఫిక్‌లో మాత్రమే కాగితే అనుమానం ఫ్యాన్ మీద. హైవేలో వంద మీద పోతున్నప్పుడు కాగి, మెల్లగా పోతే తగ్గితే రేడియేటర్ లోపలి గొట్టాలు పూడటమో, వాటర్ బాడీ, అంటే వాటర్ పంపు, నీళ్లు సరిగ్గా తోయకపోవడమో, కింది హోస్ పీల్చుకుపోవడమో కారణం. ఎక్కడైనా, స్టార్ట్ చేసిన పది నిమిషాల్లోనే కాగితే థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) లేదా గ్యాస్కెట్. మీది ఘాట్‌లో మాత్రమే. ఘాట్‌లో బండి ముప్పై, నలభైకి మించి పోదు, కాబట్టి ఎదురుగాలి తక్కువ. ఇంజిన్ మాత్రం పూర్తి లోడు మీద ఉంటుంది. రేడియేటర్ ముందుండి ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ నుంచి వేడిగాలి వచ్చి రేడియేటర్ మీద పడుతుంటుంది. బయట ఎండ 42 డిగ్రీలు. ఇన్ని కలిసినప్పుడు రేడియేటర్‌కు మిగిలే వెసులుబాటు చాలా తక్కువ. కొత్తలో ఇదే ఘాట్‌ను ఇదే లోడుతో ఎక్కినప్పుడు ముల్లు కదిలి ఉండదు. అంటే ఆ వెసులుబాటును మధ్యలో ఏదో తినేసింది. మా అంచనాలో మొదటి ముద్దాయి రేడియేటర్‌కు, కండెన్సర్‌కు మధ్య పేరుకున్న చెత్త. రెండోది మీరు పోస్తున్న నీళ్లు.

మీ దారి ఒకసారి గుర్తు చేసుకోండి. ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ము, బండల లారీల వెనక లేచే తెల్లపొడి, చలికాలంలో పత్తి బండ్ల నుంచి ఎగిరే దూది, రాత్రుళ్లు లైట్లకు వచ్చే పురుగులు, ఇవన్నీ గ్రిల్ లోంచి లోపలికి పోతాయి. ముందున్న కండెన్సర్ మీద పడ్డది వాటర్ వాష్‌లో పోతుంది. దాన్ని దాటి లోపలికి వెళ్లింది మాత్రం కండెన్సర్‌కు, రేడియేటర్‌కు మధ్య ఉన్న వేలెడంత సందులో పడి, వానకు తడిసి, ఎండకు ఎండి, అట్టలా తయారవుతుంది. ముందు నుంచి చూస్తే కనపడదు, ఇంజిన్ వైపు నుంచి చూస్తే ఫ్యాన్ అడ్డం. అందుకే ఏళ్ల తరబడి ఎవరూ చూడరు. ముందు బంపర్ విప్పించండి. రేడియేటర్ పై బోల్టులు వదులు చేసి దాన్ని కొద్దిగా వెనక్కి వంచితే ఆ సందులోకి టార్చి వెయ్యొచ్చు. రేడియేటర్ పై భాగం బాగుండి కింది మూడో వంతు మట్టితో మూసుకుపోయి ఉండటం మామూలుగా కనిపించే దృశ్యం.

కడిగేటప్పుడు నీళ్లు ఇంజిన్ వైపు నుంచి బయటికి కొట్టాలి, అంటే చెత్త ఏ దారిన వచ్చిందో ఆ దారినే పోవాలి. మామూలు తోట పైపు చాలు. వాటర్ సర్వీసింగ్ వాళ్ల ప్రెజర్ గన్‌ను దగ్గర పెట్టి కొడితే కాగితంలా పల్చగా ఉండే ఫిన్లు ఒక పక్కకు పడుకుంటాయి, అప్పుడు చెత్త లేకపోయినా గాలి దూరదు. పడుకున్న ఫిన్లను సన్న స్క్రూడ్రైవర్‌తోనో, ఏసీ మెకానిక్‌ల దగ్గరుండే దువ్వెనతోనో లేపొచ్చు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే ఈ పని చెయ్యాలి. రేడియేటర్ చుట్టూ ఉండే ఫోమ్, రబ్బరు పట్టీలు ఊడిపోయి ఉంటే తిరిగి అంటించండి. అవి లేకపోతే గాలి రేడియేటర్ లోంచి పోకుండా పక్కల నుంచి తప్పించుకుపోతుంది. వీటిని ఎవరూ పట్టించుకోరు గానీ ఘాట్‌లో తేడా తెలుస్తుంది.

బంపర్ విప్పినప్పుడే ఫ్యాన్ చూడండి. ఏసీ వేసిన కొద్ది సెకన్లలో ఫ్యాన్ స్లో స్పీడులో తిరగాలి. ఇంజిన్‌ను అలాగే ఆన్‌లో ఉంచి బాగా వేడెక్కనిస్తే హై స్పీడుకు మారాలి, ఆ చప్పుడు మీకే తెలుస్తుంది. స్లో స్పీడు రెసిస్టర్ కాలిపోవడం, హై స్పీడు రిలే పనిచేయకపోవడం మామూలు జబ్బులు. ఏదో ఒక స్పీడు పనిచేస్తుంటుంది కనుక ఊళ్లో తిరిగినంతకాలం బయటపడదు.

ఇక నీళ్లు. సీల్డు సిస్టంలో నీళ్లు తగ్గకూడదు. ఏడాదికి గుక్కెడు తగ్గితే సరే. నెలనెలా పోయాల్సి వస్తోందంటే ఎక్కడో పోతున్నాయి. కూలెంట్ ట్యాంకు మూత దగ్గర, హోస్ క్లిప్పుల దగ్గర, వాటర్ బాడీ కింద ఉండే చిన్న చిల్లు దగ్గర ఎండిన తెల్ల, ఎర్ర, పచ్చ మరకల కోసం చూడండి. లోపల ముందు సీటు కింద కార్పెట్ తడిగా, తియ్యటి వాసనతో ఉంటే హీటర్ కోర్ (కారు లోపలి హీటర్‌కు వేడినిచ్చే చిన్న రేడియేటర్) కారుతున్నట్టు. ఏమీ కనపడకపోతే మంచి వర్క్‌షాపులో చేతిపంపుతో సిస్టంకు ఒక బార్ ప్రెజర్ పెట్టి పదిహేను నిమిషాలు వదిలేయమనండి. ఆ పంపు మీటరు ముల్లు దిగితే లీకు ఉన్నట్టే. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ట్యాంకు మూత తీసి చూస్తే ఆగకుండా బుడగలు వస్తున్నాయంటే గ్యాస్ హెడ్ గ్యాస్కెట్ దాటి వస్తోందన్న అనుమానం బలపడుతుంది. అప్పుడు మిగతావన్నీ ఆపి ముందు ఆ పని చూడాలి.

మూతను తేలిగ్గా తీసుకోవద్దు. నీళ్లు మామూలుగా 100 డిగ్రీలకు మరుగుతాయి. ఒక బార్ ప్రెజర్ కింద దాదాపు 120 దాకా మరగవు. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపితే అదే ప్రెజర్‌లో 129 దాకా ఆగుతుంది. స్ప్రింగ్ వదులైన మూత ప్రెజర్ నిలపదు. ఘాట్‌లో నీళ్లు ముందే మరిగి, ఆవిరి బుడగలు సిలిండర్ హెడ్ గోడలకు అంటుకుంటాయి. ఆవిరి వేడిని పీల్చుకోలేదు. అక్కడి నుంచి అంతా వేగంగా చెడుతుంది. మూత మీద బార్లలో అంకె ఉంటుంది, అదే అంకె ఉన్న కంపెనీ మూత కొత్తది వేయండి. ఈ మొత్తం వ్యవహారంలో ఇంత చవకైన మందు ఇంకొకటి లేదు.

మీరు పోస్తున్నది ఏ నీళ్లో రాయలేదు. మన సీమలో చాలామంది చేసేట్టు బోరు నీళ్లో, హోటల్ దగ్గర డ్రమ్ము నీళ్లో అయితే అది రెండు రకాల నష్టం. పోసిన ప్రతిసారీ కూలెంట్ పలుచనవుతుంది, మరుగు డిగ్రీ తగ్గుతుంది, తుప్పు ఆపే మందు తగ్గుతుంది. పైగా మన బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టే తెల్లటి పొరే రేడియేటర్ గొట్టాల్లో, ఇంజిన్‌లోని ఆ చిన్న ఆయిల్ కూలర్ పలకల మీద కడుతుంది. పైన చెప్పిన ఇరుకు దారుల్లో ఆ పొర కొద్దిగా కట్టినా వేడి దాటదు. గడ్డకట్టే చలి మనకు లేదు కదా, కూలెంట్ ఎందుకు అనేవాళ్లున్నారు. మనకు అది గడ్డకట్టకుండా ఉండటానికి కాదు, మరగకుండా, తుప్పు పట్టకుండా ఉండటానికి కావాలి.

కాబట్టి ఒకసారి పూర్తిగా ఫ్లష్ చేయించండి. పాతది తీసేసి, డిస్టిల్డ్ వాటర్ పోసి ఇంజిన్ వేడెక్కాక మళ్లీ తీసేయాలి. నీళ్లు తేటగా బయటికి వచ్చేదాకా రెండు మూడుసార్లు. ఆ తర్వాత కంపెనీ చెప్పిన రకం కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. రెడీ మిక్స్ డబ్బా కొంటే దాంట్లో మళ్లీ నీళ్లు కలపొద్దు. నింపేటప్పుడు గాలి మిగలకూడదు. బండి ముక్కు కొంచెం ఎత్తు మీద పెట్టి, హీటర్ పూర్తి వేడి వైపు తిప్పి, ట్యాంకు మూత తీసే స్టార్ట్ చేసి, పై హోస్ వేడెక్కి బుడగలు ఆగేదాకా ఆడనివ్వాలి. తగ్గినంత పోసి మూత పెట్టాలి. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్లీ లెవెల్ చూడాలి.

పాత నీళ్లు తీసినప్పుడు వాటి మీద నల్లటి నూనె తెట్టు ఉందేమో గమనించండి. ఉంటే ఆ లోపలి ఆయిల్ కూలర్ పలక చిల్లు పడి ఉండొచ్చు, లేదా గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. ఇంజిన్ ఆడుతున్నప్పుడు ఆయిల్ ప్రెజర్ కూలెంట్ ప్రెజర్ కంటే చాలా ఎక్కువ, కాబట్టి ఆయిలే నీళ్లలోకి వస్తుంది. ఆపేశాక ఆయిల్ ప్రెజర్ సున్నా అవుతుంది, నీళ్లకు ఇంకా ప్రెజర్ ఉంటుంది, అప్పుడు నీళ్లు ఆయిల్‌లోకి పోతాయి. బేరింగులకు అంతకంటే చెడుపు లేదు. అలాంటప్పుడు ఆ లోపలి కూలర్ మార్చాలి. బయట ఇంకొకటి పెట్టడం వల్ల ఏ ఉపయోగమూ లేదు.

ఇవన్నీ చేశాక కొలవండి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, అందుకే కాస్త వివరంగా చెబుతాం. కూలెంట్ వేడి చూడటానికి ఓబీడీ సాకెట్‌లో (మెకానిక్‌లు స్కానర్ తగిలించే చోట) పెట్టే బ్లూటూత్ అడాప్టర్ చాలు, ఫోన్‌లో అంకె కనపడుతుంది. పక్క సీట్లో కూర్చున్నవాళ్లను చూడమనండి, మీరు రోడ్డు చూడండి. ఘాట్ మొత్తంలో 105 దాటకుండా ఉంటే కూలెంట్ వైపు బాగైనట్టు. ఈ తరం బండ్లలో చాలావాటికి ఆయిల్ వేడి మాత్రం అందులో రాదు. దానికి చవకైన దారి ఒకటుంది. ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే కొన్ని మల్టీమీటర్లకు వేడి కొలిచే సన్నటి కె టైప్ వైరు వస్తుంది. ఆ వైరు మీద డిప్‌స్టిక్ పొడవు ఎంతో అక్కడ టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. ఘాట్ ఎక్కిన వెంటనే చదునైన చోట ఆపి, ఒక నిమిషం ఐడిలింగ్‌లో ఉంచి, ఇంజిన్ ఆపి, డిప్‌స్టిక్ తీసి ఆ గొట్టంలోంచి వైరును టేపు దాకా దించండి. అంకె నిలబడేదాకా ఆగండి. ఇంజిన్ ఆడుతుండగా వైరు దించొద్దు, క్రాంక్‌కు చుట్టుకుంటుంది. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కింద ఆయిల్ చాంబర్ మీద కూడా చూడొచ్చు గానీ, మెరిసే అల్యూమినియం మీద అది తప్పుడు అంకె చూపుతుంది. నల్ల పెయింట్ చుక్క పెట్టి దాని మీద చూడాలి. అప్పుడు కూడా లోపలి ఆయిల్ దానికంటే కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది.

ఆ గన్‌ను రేడియేటర్ హోసుల మీద వాడితే ఇంకా బాగా పనికొస్తుంది. ఘాట్ పైన పై హోస్ 95, కింది హోస్ 90 చూపితే రేడియేటర్ వేడి వదలడం లేదు, అంటే గాలి వైపు లోపం. పై హోస్ 105, కింది హోస్ 55 అయితే నీళ్లు మరీ మెల్లగా పారుతున్నాయి. గొట్టాలు పూడాయో, థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటోందో, వాటర్ బాడీ రెక్కలు అరిగాయో చూడాలి.

ఆయిల్ అంకె 90 నుంచి 110 మధ్య ఉంటే అది ఉండాల్సిన చోటే ఉంది. 100 దాకా వేడెక్కితేనే ఆయిల్‌లోని తేమ ఆవిరై పోతుంది. ఘాట్ పైన 120 దాకా వచ్చి, దిగాక తగ్గితే మంచి సింథటిక్ ఆయిల్‌కు అది లెక్కలోనిది కాదు. 120 దాటి తరచూ పోతుంటే ఆయిల్ మార్చే గడువు తగ్గించుకోండి. ప్రతి పది డిగ్రీలకూ ఆయిల్ చెడే వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది ఇంజినీర్లు వాడే మోటు లెక్క. కూలెంట్ వైపు అంతా సరిగ్గా ఉండి కూడా 130 దాటి పది నిమిషాలకు పైగా నిలబడుతుంటే, అప్పుడు మీ మెకానిక్ మాట నెగ్గినట్టు. గువ్వలచెరువు లాంటి ఘాట్‌కు ఐదుగురితో పోయే ఈ ఇంజిన్ ఆ అంకెకు వెళ్తుందని మేమనుకోం.

ఆయిల్ గ్రేడు విషయంలో మెకానిక్ మాట పూర్తిగా గాలిమాట కాదు. ఆయిల్ పేరులో చివరి అంకె వేడి మీద దాని చిక్కదనాన్ని చెబుతుంది. 150 డిగ్రీల దగ్గర నలిపి కొలిచే పరీక్షలో ఆ చిక్కదనం 30 గ్రేడుకు కనీసం 2.9 (మిల్లీపాస్కల్ సెకన్లలో) ఉండాలి, 15డబ్ల్యూ-40కి 3.7. అంటే బాగా వేడిలో అది మందంగానే నిలుస్తుంది. కానీ మందంగా ఉన్న ఆయిల్‌ను తోయడానికి పట్టే శక్తి కూడా వేడిగానే మారుతుంది, పొద్దున స్టార్ట్ చేసినప్పుడు టర్బో బేరింగ్‌కు ఆలస్యంగా చేరుతుంది. మీ బండి మాన్యువల్‌లో 5డబ్ల్యూ-40 కూడా ఒప్పుకుంటుందేమో చూడండి. ఒప్పుకుంటే ఎండాకాలానికి అది రెండు విధాలా నప్పుతుంది. లేకపోతే 5డబ్ల్యూ-30 సింథటిక్‌కే తిరిగి రండి.

మరి బయట ఆయిల్ కూలర్ ఎవరికి కావాలి? ఫ్యాక్టరీ కూలర్ లేని పాత జీపులు లోడుతో కొండలెక్కుతుంటే, ట్రెయిలర్ లాగే బండ్లకు, ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) సెట్టింగులు మార్పించి పవర్ పెంచిన టర్బో పెట్రోల్ కార్లకు, ట్రాక్ మీద తిప్పేవాళ్లకు. వీళ్లందరికంటే ముందు టార్క్ కన్వర్టర్ ఉన్న, అంటే ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా అందుకునే, ఆటోమేటిక్ గేర్‌బాక్సులకు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ మీద తరచూ తిరిగే పెద్ద ఆటోమేటిక్ బండికి గేర్ ఆయిల్ కూలర్ పెట్టిస్తే ఆ డబ్బుకు విలువ దక్కుతుంది, ఎందుకంటే ఆ ఆయిల్ 120 దాటితే క్లచ్ ప్లేట్లు, సీళ్లు త్వరగా పోతాయి. డ్రై డబుల్ క్లచ్ గేర్‌బాక్సుకు మాత్రం దీనితో పని లేదు, అక్కడ కాగేది ఆయిల్ కాదు, క్లచ్.

మీ బండికి బయట కూలర్ అమర్చడంలోనే ఒక చిక్కుంది. మామూలుగా ఇంజిన్‌కు, డబ్బాలాంటి ఆయిల్ ఫిల్టర్‌కు మధ్య సాండ్‌విచ్ ప్లేట్ అనే బిళ్ల బిగించి, దాని నుంచి రెండు పైపులు కూలర్‌కు తీసుకెళ్తారు. మీ ఇంజిన్‌లో ఉన్నది హౌసింగ్‌లో పెట్టే కాగితం ఫిల్టర్ అయితే, డబ్బా బిగించే మర అక్కడ ఉండదు, ఆ బిళ్ల కూర్చోదు. అప్పుడు కొందరు ఆయిల్ ప్రెజర్ స్విచ్ దగ్గర టీ (మూడు మూతుల జాయింటు) కొట్టి అక్కడి నుంచి ఆయిల్ తీసి, కూలర్ తిప్పి, చాంబర్‌లోకి వదిలేస్తారు. ఈ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయించొద్దు. ఫిల్టర్ దాటి బేరింగులకు పోవాల్సిన ఆయిల్‌ను దారిలో కన్నం పెట్టి కిందికి వదలడమే అది. ఐడిలింగ్‌లో వేడి మీద ప్రెజర్ పడిపోతుంది. కాబట్టి మెకానిక్‌ను ముందు ఒకే మాట అడగండి: ఆయిల్‌ను ఎక్కడి నుంచి తీసి, ఎక్కడికి పంపుతావని. ఫిల్టర్ హౌసింగ్‌కు సరిపోయే అడాప్టర్ చేతిలో పెట్టి చూపిస్తే సరే. టీ అన్నాడంటే వద్దని చెప్పేయండి.

డబ్బా ఫిల్టర్ ఉన్న బండి వాళ్ల కోసం మిగతాది చెబుతాం. ప్లేట్ మర ఫిల్టర్ మరకు సరిపోవాలి, ఎం20×1.5, ముప్పాతిక అంగుళం 16 మరలు, ఇలా రకాలున్నాయి. పాత ఫిల్టర్ తీసుకెళ్లి కొలిచి కొనండి. లోపల థర్మోస్టాట్ ఉన్న ప్లేటే తీసుకోవాలి. అది 80 డిగ్రీల దాకా ఆయిల్‌ను దాదాపు అంతా ఇంజిన్‌కే తిప్పుతుంది, ఆపైనే కూలర్‌కు వదులుతుంది. థర్మోస్టాట్ లేకపోతే డిసెంబరు పొద్దుల్లో మదనపల్లె వైపు ఆయిల్ ఎప్పటికీ వేడెక్కదు, తేమ పోదు, ఆయిల్ పోసే మూత కింద మజ్జిగ రంగు జిడ్డు కడుతుంది. కూలర్ పదమూడు వరుసలదైతే ఇలాంటి చిన్న ఇంజిన్‌కు సరిపోతుంది. పెద్దది మంచిదనుకుని పాతిక వరుసలది పెట్టొద్దు. సెకండ్ హ్యాండ్ కూలర్ ఎంత చవకగా వచ్చినా కొనొద్దు. పాత ఇంజిన్ పగిలినప్పటి ఇనుప రజను ఆ మడతల్లో దాగి ఉంటుంది, ఎంత కడిగినా పూర్తిగా రాదు, మీ బేరింగుల్లోకి వస్తుంది.

పైపుల దగ్గరే మన ఊళ్లలో ఎక్కువ తప్పు జరుగుతుంది. ఎర్రగుంట్లలో, బేతంచెర్లలో, కడపలో జేసీబీలకు, క్రషర్లకు హైడ్రాలిక్ హోసులు నొక్కే షాపులున్నాయి, పని కూడా గట్టిగా చేస్తారు. కానీ అక్కడ మామూలుగా దొరికే ఆర్1, ఆర్2 రకం హైడ్రాలిక్ హోసు ప్రెజర్‌కు ఎంత తట్టుకున్నా వేడికి 100 డిగ్రీలకే రాసి ఉంటుంది. 120 డిగ్రీల ఆయిల్‌కు అది ఒక ఏడాదిలో గట్టిపడి, నొక్కిన చోట పగులుతుంది. 150 డిగ్రీలకు తగ్గని హోసు అడగండి, టెఫ్లాన్ లోపలి పొర ఉన్న ఆర్14 రకమైతే ఇంకా నయం. లోపలి వ్యాసం ఏఎన్-10 సైజు, అంటే దాదాపు 14 మిల్లీమీటర్లు. చివరలు నొక్కిన ఫిట్టింగులే ఉండాలి, స్క్రూ క్లిప్పు వేస్తే ఒప్పుకోవద్దు. చల్లటి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ ప్రెజర్ ఆరేడు బార్ల దాకా పోగలదు. పైపు ఊడితే నిమిషంలోపే ఇంజిన్ ఖాళీ అవుతుంది, ఆ ఆయిల్ వేడి టర్బో మీద పడితే మంట.

కూలర్‌ను రేడియేటర్ ముందు పూర్తిగా అడ్డంగా పెడితే దాని వేడిగాలి మళ్లీ రేడియేటర్ మీదికే పోతుంది. కింది గ్రిల్ దగ్గర పక్కగా, రబ్బరు బుష్షుల మీద, పైపుల మూతులు పైకి ఉండేట్టు బిగించాలి. లారీల వెనక లేచే కంకరకు ముందు ఒక జాలీ తప్పదు. రెండు మీటర్ల పైపుల్లోనే 300 మిల్లీలీటర్ల ఆయిల్ పడుతుంది, కూలర్‌ది అదనం. అంత ఎక్కువ పోయాలి. బిగించాక ఇంజిన్‌ను డీజిల్ అందకుండా ఆపి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టి, తర్వాతే స్టార్ట్ చేయాలి. ఐదొందల కిలోమీటర్ల తర్వాత అన్ని జాయింట్లూ మళ్లీ చూడాలి. వారంటీలో ఉన్న బండికి ఇవేవీ చేయించొద్దు, ఇంజిన్ క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకు అదొక్కటి చాలు.

ఈ వారం ఎలాగూ రాయచోటి పోవాలంటే, ఘాట్ మొదలవ్వకముందే ఏసీ ఆపి గేరు తగ్గించండి. పై గేరులో ఇంజిన్‌ను గింజుకోనివ్వకుండా 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య ఉంచితే వాటర్ బాడీ, ఆయిల్ పంపు రెండూ గట్టిగా తిరుగుతాయి. ముల్లు లేస్తే హీటర్ ఫుల్ వేడి, బ్లోవర్ ఫుల్, అద్దాలు దించండి. చెమటలు పడతాయి గానీ అది రెండో రేడియేటర్ లెక్క. ఎర్ర గీత దగ్గరికి వచ్చినా, ఆవిరి కనిపించినా పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి, మూత ముట్టుకోవద్దు, చల్లటి నీళ్లు పోయొద్దు. అంతదాకా రాకుండా మామూలుగా పైకెక్కితే, గువ్వలచెరువులో పాలకోవాకు ఆపినప్పుడు వెంటనే తాళం తిప్పకండి. ఒకటి రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచండి. ఎర్రగా కాగిన టర్బోలో ఆయిల్ నిలిచిపోయి మసిగా మారేది అక్కడే, ఏ కూలరూ దాన్ని ఆపలేదు.